గురమ్మ గొంతు

డిగ్లీపూర్
నవంబరు 4, 2024

చిరంజీవి సౌభాగ్యవతి మరదలు రాజకుమారికి వదిన సీతారత్నం దీవెనలు.

ఈ ఉత్తరం ఎలాగూ తిరుమలే చదివి వినిపిస్తాడు కాబట్టి మొదటి మాట వాడికి. ఒరే తమ్ముడూ, నడుమ నడుమ మింగెయ్యకుండా ఉన్నది ఉన్నట్టు చదువు.

మీరు కొనిచ్చిన చెవిమిషను పెట్టించుకుని వచ్చాను. మాయాబందర్‌లో చెవి డాక్టరు క్యాంపు వేశారని తెలిసి బస్సు డ్రైవరు బంగారురాజు నన్ను ముందు సీటులో కూర్చోబెట్టి తీసుకెళ్లాడు, మళ్లీ గుమ్మం దగ్గర దింపాడు. ఏం చెప్పను రాజీ! ఇంటికొచ్చి పప్పులో పోపు పెడితే ఆవాలు చిటపటలాడాయి. ఆవాలు చప్పుడు చేస్తాయన్న సంగతే మర్చిపోయాను. గరిటె పట్టుకుని వింటూ నిలబడిపోయాను, పోపు మాడి బొగ్గయింది. ఆ పప్పే తృప్తిగా తిన్నాను. మీరిద్దరూ, నా మేనకోడలు సింధూరీ చల్లగా ఉండాలి.

చెవులు ఎలా పోయాయని డాక్టరమ్మ హిందీలో అడిగింది. వయసమ్మా, మా నాయనమ్మకీ ఇంతే, వంశంలోనే ఉంది అన్నాను. సరేనని రాసుకుంది.

ఒక్క సంగతే మనసుకి కష్టంగా ఉంది. నా ఆదివారం బడి. సముద్రం అడుగున చెన్నై నుంచి వైరు వచ్చి మన అండమాన్ దీవుల్లో ఇంటర్నెట్టు బాగుపడ్డాక మొదలుపెట్టాను కదా. హట్‌బే, రంగత్, ఫెరార్‌గంజ్, ఎక్కడెక్కడి తెలుగు పిల్లలో ల్యాప్‌టాప్ తెర మీదికి వస్తారు. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడతారు, రాయమంటే హిందీ అక్షరాల్లో రాస్తారు. వాళ్లకి అ, ఆలు దిద్దించడం కంటే నాకు వేరే పండగ లేదు. ఇన్నాళ్లూ పెదాలు చూసి పోల్చుకుంటూ నెట్టుకొచ్చాను. చెవిమిషను వచ్చాక బాగుపడుతుందనుకున్నాను. ఎదురుగా ఉన్న మనిషి మాట బాగానే అందుతోంది. ల్యాప్‌టాప్‌లోంచి వచ్చే మాట మాత్రం రేకుల కప్పు మీద వాన చప్పుడులో కలిసిపోయి, డబ్బాలో గులకరాళ్లు ఊపినట్టుంది. ఫోను చెవి దగ్గర పెడితే ఈల వేస్తోంది. అది మీటల ఫోను, దాన్ననుకుని ఏం లాభం.

మొన్న అప్పలరాముడి మనవడు పాఠం చదవమంటే, నన్ను ఏడిపించడానికి హిందీ సినిమా పాట అందుకున్నాడట. నేను "శభాష్ నాన్నా, బాగా చదివావు" అన్నాను. పిల్లలు విరగబడి నవ్వారు. ఎందుకు నవ్వారో తర్వాత రంగత్ నుంచి వచ్చే ఒక పిల్ల కాగితం మీద రాసి చూపించింది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

పిల్లలకైతే పెదాలైనా కనబడతాయి. ఫెరార్‌గంజ్ నుంచి గురమ్మ అని ఒక పెద్దావిడ వస్తుంది. సిగ్గో ఏమో ముఖం చూపించదు. తెర మీద నల్లటి గడి, అందులో పేరు, అంతే. వారం వారం రాసిన కాగితం ఫొటో పంపుతుంది, గుండ్రటి ముద్దొచ్చే అక్షరాలు. ఆవిడ చదివితే మాత్రం ఒక్క ముక్క అందదు. తప్పు వినబడని పంతులమ్మ ఎందుకు చెప్పు? నెలాఖరుకి బడి మూసేద్దామనుకుంటున్నాను.

చెవిమిషను పెట్టె మీద ఒక మాట రాసి ఉంది. ల్యాప్‌టాప్‌లోంచి వైరు లేకుండా మాట నేరుగా చెవిలోకి వస్తుందట. నా ల్యాప్‌టాప్ పదేళ్ల కిందటిది. మిషనుని పక్కనే పెట్టినా చూడనట్టు ముఖం తిప్పుకుంటోంది. కొత్తది కొనిస్తానని తిరుమలు బయలుదేరకూడదు. రిటైరైన రోజున నా బడి పిల్లలు ఇచ్చింది, నేనుండగా అది పక్కకు పోదు.

నువ్వూ హిందీ బడిలో చదివినదానివే. పెళ్లయిన కొత్తలో పలక పట్టుకుని నీ వెనకాల తిరిగితే వంటింట్లోకి పారిపోయావు. అప్పుడు నేర్చుకుని ఉంటే ఇప్పుడు ఈ తమ్ముడి దయ మనకెందుకు!

నీ మేలు కోరే వదిన,
సీతారత్నం


తుష్నాబాద్
నవంబరు 14

పూజ్యులైన వదినగారికి మీ మరదలు రాజకుమారి నమస్కారాలు. రాస్తున్నది మీ తమ్ముడు తిరుమలరావు. ఇక నుంచి మాటలన్నీ ఆమెవి, అక్షరాలే నావి.

వదినా, బడి మూసే మాట ఎత్తొద్దు. మూస్తే మన మధ్య మాటల్లేవు, అంతే, బస్. ఆ అప్పలరాముడి మనవడిని ఈసారి జెట్టీ దగ్గర కనబడనివ్వండి, చెవి మెలేస్తాను. పిల్లలు నవ్వితే నవ్వారు. నవ్వని పిల్లలు ఎంతమంది ఉన్నారో మీకేం తెలుసు? మీ దగ్గర నేర్చుకున్న వాళ్లకి ఆ ఆదివారం ఎంత విలువైనదో మీకేం తెలుసు? ఓలమ్మో, చెప్తుంటేనే నాకు గుండె దడదడలాడుతోంది. (అక్కా, ఈ ఓలమ్మోలు నేను కలపడం లేదు. ఆమె గాబరాపడితే నోట్లోంచి ముందు వచ్చే మాట అదే, నీకు తెలిసిందే. నీ ఉత్తరంలో గురమ్మ సంగతి చదువుతుంటే పొలమారి మంచినీళ్లు కూడా తాగింది. — తిరుమల్)

ఆయన మాట పక్కన పెట్టండి. మీ మేనకోడలిని పాలిటెక్నిక్‌లో చదివిస్తున్నది ఎందుకు? ఉత్తరం విని సింధూరి ఏమందంటే, అత్త ల్యాప్‌టాప్‌లో కూడా బ్లూటూత్ ఉందట. కానీ అది పాతకాలంది, మీ చెవిమిషను మాట్లాడేది కొత్త భాష. పాతదాన్ని ఎంత బతిమాలినా ఆ భాష రాదు. దానికో ఉపాయం ఉంది. గోరంత బిళ్ల ఒకటి దొరుకుతుంది. దాన్ని ల్యాప్‌టాప్ పక్కన గుచ్చితే, ల్యాప్‌టాప్ ఎవరో మామూలు స్పీకరు తగిలించారనుకుని శబ్దం దాని చేతిలో పెట్టేస్తుందట. చెవిమిషనుతో కొత్త భాషలో మాట్లాడే పనంతా ఆ బిళ్లే చూసుకుంటుంది. పాత ల్యాప్‌టాప్‌కి అసలు సంగతి తెలియనే తెలియదు. (నాకు కూడా. — తిరుమల్)

ఆ బిళ్లని సింధూరి చెన్నై నుంచి తెప్పించింది. మన బంగారురాజు భయ్యా చేతికిచ్చి పంపుతున్నాను, కొబ్బరి లడ్డూల డబ్బాలో అడుగున ఉంటుంది. లడ్డూలు ముందు, బిళ్ల తర్వాత. ఎలా పెట్టాలో సింధూరి వేరే కాగితం మీద బొమ్మలు వేసి ఇచ్చింది. బిళ్ల మీది మీటని దీపం మిణుకు మిణుకుమనేదాకా నొక్కాలి. అప్పుడు చెవిమిషనుని దాని డబ్బాలో పెట్టి, మూసి తెరవాలి. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటే దీపం కదలకుండా నిలబడుతుంది. తర్వాత ల్యాప్‌టాప్‌లో శబ్దం బొమ్మ నొక్కి, దాని సొంత స్పీకరు వద్దని ఈ బిళ్ల పేరు ఎంచుకోవాలి. అంతే.

చలో, నీలిరంగు టార్పాలిన్ ముక్కలో కట్టిన ఎండుచేపలు కూడా ఉన్నాయి. వాటి వాసన లడ్డూలకి పడితే బంగారురాజుని అడగండి, నన్ను కాదు.

మీ మరదలు
రాజకుమారి


డిగ్లీపూర్
నవంబరు 20

బంగారు తల్లి రాజకుమారికి,

లడ్డూలు అందాయి. ఎండుచేపలూ అందాయి. రెండూ కలిసే అందాయి, ఏం చెప్పమంటావు. కడుపునిండా తిని నిన్ను దీవించాను.

బిళ్ల కూడా అందింది. ఇంత చిన్న వస్తువుకి అంత దూరం నుంచి కాపలా పెట్టి పంపావంటే నీకు నా మీద ఎంత ప్రేమో అనుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాను. కానీ రాజీ, పని జరగలేదు.

సింధూరి వేసిన బొమ్మల ప్రకారం ఒక్కొక్కటే చేశాను. నలభై ఏళ్లు పిల్లలకి పాఠం చెప్పినదాన్ని, చెప్పింది చెప్పినట్టు చేయడం రాదా నాకు? ల్యాప్‌టాప్ ఆ బిళ్ల పేరు చూపించింది. ఎంచుకున్నాను. మీట నొక్కాను, దీపం మిణుకుమంది. చెవిమిషను డబ్బా మూశాను, తెరిచాను. దీపం అలా మిణుకుమంటూనే ఉంది, నిలబడలేదు. ఒకసారి కాదు, భోజనం మానేసి మళ్లీ మళ్లీ చేశాను. ఎదురింటి యర్రమ్మ వచ్చి "దీదీ, ఏటి, పూజ చేస్తన్నావా?" అంది.

బిళ్లకి ఏదైనా దెబ్బ తగిలిందా అంటే అదీ లేదు. ఎంత జాగ్రత్తగా ఉంచానో నీకు చెప్తే సంతోషిస్తావు. మన ఉప్పుగాలికి ఇనప గొళ్లేలే పొడి అయిపోతాయి, ఇంత సున్నితమైనది ఎంతసేపు నిలుస్తుంది? అందుకని గుచ్చీ గుచ్చగానే దాని చుట్టూ పల్చటి ప్లాస్టిక్ చుట్టి, దాని మీద చపాతీలు చుట్టే వెండి కాగితం రెండు మడతలు వేసి బిగించి కట్టాను. దీపం కనబడాలని సూదితో చిన్న కన్నం కూడా పెట్టాను. తేమ చుక్క చొరబడదు. సునామీ తర్వాత ఈ ఇంట్లో కవరు తొడగని వస్తువు నేనొక్కదాన్నే కదా!

వస్తువు మంచిదే అయి ఉంటుంది, నా ల్యాప్‌టాప్‌కే వయసు మళ్లింది. నాలాగే. వచ్చే ఆదివారం ఆఖరి పాఠమని పిల్లలకి చెప్పేశాను. రంగత్ పిల్ల ఏడ్చింది. గురమ్మ "వద్దు అమ్మగారు" అని రాసి పంపింది. ఆ రెండు మాటల్లో ఒక్క తప్పు లేదు. ఇన్నాళ్లూ ఆవిడ గొంతు ఒక్కసారీ వినకుండానే ఇంత నేర్పించానంటే నాకే నమ్మకం కలగలేదు. బడి మూసే లోపల ఒక్కసారి వినాలని ఉండేది.

నువ్వు చేయగలిగిందంతా చేశావు. ఆ రుణం తీరేది కాదు. బాధపడకు.

మీ వదిన
సీతారత్నం


తుష్నాబాద్
నవంబరు 22, సాయంత్రం

వదినా!

నమస్కారాలు తర్వాత. ముందు ఆ వెండి కాగితం పీకి అవతల పారేయండి. జల్దీ!

ఓలమ్మో ఓలమ్మో, ఉత్తరం వినగానే సింధూరి నేల మీద పడి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. వదినా, ఆ బిళ్ల గాలిలోంచే మాట పంపుతుంది. మీరు దాన్ని నలువైపులా రేకు తలుపులేసి గదిలో బంధించారు. బయటికి ఒక్క మాట వస్తే ఒట్టు! పైగా దీపానికి కన్నమట. దీపానికి కాదు కావలసింది, మాటకి. ప్లాస్టిక్ ఉంటే ఉండనివ్వండి, అది అడ్డురాదట. వెండి కాగితం ఒక్కటీ తీసెయ్యండి. తీసి మళ్లీ మీట నొక్కి, మిషను డబ్బా మూసి తెరవండి.

తప్పు మీది కాదు. ఇక్కడ మా ఇంట్లో రేడియోకి కూడా ఇలాగే కవరు తొడిగి ఉంది. ఉప్పుగాలి దెబ్బ తిన్నవాళ్లకే ఆ బుద్ధి పుడుతుంది. సింధూరికేం తెలుసు, అది రిలీఫ్ క్యాంపులో పుట్టిందే కానీ ఆ గాలి దానికి గుర్తు లేదు.

ఈ ఉత్తరం రేపు పొద్దున్న డిగ్లీపూర్ బస్సుకే బంగారురాజు తెస్తాడు. ఆదివారం పాఠం లోపల మీకు అందాలి. అంది తీరాలి. ఆఖరి పాఠం అన్న మాట వెనక్కి తీసుకోండి. మీ కాళ్లు పట్టుకుంటాను.

(అక్కా, ఈమె ఇంత కంగారెందుకు పడుతోందో నాకు అర్థం కావడం లేదు. చేపలకి గాలం పట్టుకుని నేను ఆదివారాలు బయటికి పోతుంటే, ఎప్పుడూ లేంది, త్వరగా వెళ్లు త్వరగా వెళ్లు అని తరుముతోంది. నీ బడి బాగుంటే మా ఇల్లు బాగుండేలా ఉంది, కాస్త చూడు. — తిరుమల్)

మీ
రాజకుమారి


డిగ్లీపూర్
నవంబరు 25

నా శిష్యురాలికి,

కవరు మీద రాజకుమారి తప్ప ఎవరూ విప్పకూడదని రాశాను. తిరుమలుకి ఇవ్వకు. పెద్ద పెద్ద అక్షరాలతో, విడదీసి రాస్తున్నాను. కూడబలుక్కుని నువ్వే చదువు. చదవగలవు. అది నాకు నిన్ననే తెలిసింది.

ముందు జరిగింది చెప్పనీ. బంగారురాజు శనివారం చీకటిపడే వేళకి ఉత్తరం తెచ్చిచ్చాడు. చదివి సిగ్గుతో చచ్చాను. వెండి కాగితం విప్పాను. మీట నొక్కాను, మిషను డబ్బా మూసి తెరిచాను. దీపం రెండుసార్లు మిణుకుమని, మూడోసారి నిలబడిపోయింది. యర్రమ్మ మళ్లీ వచ్చి చూసి ఈసారి తనే దణ్ణం పెట్టింది.

ఆదివారం పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. "నమస్తే అమ్మగారూ" అని రంగత్ పిల్ల అంటే, రాజీ, నా చెవిలో కూర్చుని అన్నట్టుంది. బయట వాన దంచుతోంది. ఆ వాన ఎక్కడికో పోయింది, మాటలే మిగిలాయి. హట్‌బే పిల్లవాడి వెనక ఎవరో మిక్సీ వేస్తున్నారు, అది కూడా వినబడింది. ఎంత సంబరపడ్డానో. అప్పలరాముడి మనవడు మళ్లీ సినిమా పాట ఎత్తుకున్నాడు. రెండు చరణాలు కానిచ్చి, "నాయనా, రాగం బాగుంది, ఇక పాఠం చదువు" అన్నాను. వాడి ముఖం చూడాల్సింది! పిల్లలు ఈసారి వాడిని చూసి నవ్వారు. నేను కూడా నవ్వాను.

తర్వాత గురమ్మని చదవమన్నాను.

నల్లటి గడిలోంచి గొంతు మెల్లగా బయలుదేరింది. ఒక్కో మాట తడుముకుంటూ, ఆగుతూ. రెండో వాక్యంలో వత్తు దగ్గర తట్టుకుని, లోగొంతుకతో "ఓలమ్మో" అంది.

నేను పుస్తకం మూసేశాను. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను. పిల్లలు ల్యాప్‌టాప్ మళ్లీ పాడైందనుకున్నారు. ఒసే రాజీ, ముప్పై ఏళ్ల బట్టి నా వంటింట్లో, నా గుమ్మంలో, నా మంచం పక్కన విన్న గొంతు, సగం చెవితోనైనా విన్న గొంతు, నేను పోల్చుకోలేనా? గొంతు వినేదాకా తట్టలేదు గానీ, గురమ్మ మీ అమ్మ పేరని మర్చిపోయాననుకున్నావా? ఫెరార్‌గంజ్ మీ పుట్టిల్లని మర్చిపోయాననుకున్నావా? చెవులు పోతే బుద్ధి కూడా పోతుందా?

పదిమందిలో నీ పేరు పిలవలేదు. "బాగా చదివావు గురమ్మా, వత్తు కాస్త గట్టిగా పలుకు" అన్నాను. ఈసారి శభాష్ ఊరికే అనలేదు.

కోపం లేదు. ఎంత సంతోషంగా ఉందో రాయడానికి నాకే మాటలు రావడం లేదు. ఒక్కటే అర్థం కాలేదు. నన్ను అడిగితే నేర్పనా? పలక పట్టుకుని నీ వెనకాల తిరిగినదాన్ని. పేరు మార్చుకుని, ముఖం దాచుకుని, మొగుడిని చేపలకి తోలేసి, ఈ వయసులో దొంగచాటుగా నేర్చుకోవడం ఎందుకు? ఇంట్లో రాసిపెట్టే మనిషి ఉండగా నీకు అక్షరాలతో ఏం అవసరం పడింది?

గురమ్మకి ఇంటిపని ఇస్తున్నాను. ఎందుకు నేర్చుకుందో తన చేత్తో రాసి పంపాలి. తప్పులుంటే దిద్దుతాను. బడి మూయడం లేదు, ఈ జన్మకి మూయను.

నీ వదిన, ఇక నుంచి నీ పంతులమ్మ కూడా,
సీతారత్నం


తుష్నాబాద్
డిసెంబరు 2

ప్రియమైన వదినా,

ఇది నా చేతిరాత. సింధూరిని కూడా చూడనివ్వలేదు.

మీ ఉత్తరం చదవడానికి నాకు ఒక పూట పట్టింది. మొత్తం చదివాను. ఎవరినీ ఏ మాటా అడగలేదు. వంటింట్లో కూర్చుని చదివాను, కూర మాడింది. మీ పోపు, నా కూర.

ఎందుకు నేర్చుకున్నానని అడిగారు. మీకు ఒక మాట రాయాలి. అది మీ తమ్ముడి చేత రాయించే మాట కాదు. హిందీ అక్షరాల్లో రాసే మాటా కాదు. ఎదురుగా చెప్పబోతే మీరు చెయ్యి ఊపి, వినబడలేదని లేచి వెళ్లిపోతారు. నిజంగా వినబడలేదో, వినదలచుకోలేదో నాకు ఎప్పుడూ తెలియలేదు. కాగితాన్ని అయితే మీరు తోసెయ్యలేరు. పేరు చెప్పి చేరితే ఎందుకని అడుగుతారు. మీ ముఖం చూసి నేను అబద్ధం ఆడలేను. అందుకని అమ్మ పేరు పెట్టుకున్నాను.

హట్‌బేలో సునామీ వచ్చింది కూడా ఆదివారమే. నాకు ఏడో నెల. అప్పుడు మీకు అక్కడి బడిలో ఉద్యోగం. పురుడు మీ దగ్గర పోసుకోవాలని వచ్చాను. మీ తమ్ముడు పోర్ట్‌బ్లెయిర్‌లో డ్యూటీలో ఉన్నాడు. భూమి ఊగింది. తర్వాత నీళ్లు వచ్చాయి. మీరు నన్ను క్వార్టర్స్ వెనక పనసచెట్టు మీదికి తోశారు. నాకు ఎక్కడానికి బలం లేదు. మీరు కింద నిలబడి నా పాదాలు మీ భుజాల మీద పెట్టుకున్నారు. నీళ్లు మీ తల మీంచి వెళ్లాయి. తేలారు. మళ్లీ వెళ్లాయి. ఏదో రేకు కొట్టుకొచ్చి మీ చెవి దగ్గర తగిలింది. నేను చూశాను. మీరు నా పాదాలు వదల్లేదు.

వదినా అని అరిచాను. మొదట పలికారు. తర్వాత ఎంత అరిచినా పలకలేదు. నీళ్లు తగ్గాక చూస్తే మీ చెవుల్లోంచి రక్తం కారుతోంది. ఓడ వచ్చేదాకా మందు లేదు, డాక్టరు లేడు. చీము పట్టింది. ఒక చెవి అప్పుడే పోయింది. రెండోదాంట్లో సగమే మిగిలింది, అదీ తర్వాత తర్వాత పోయింది.

ఓడలో నా చేత ఒట్టు వేయించుకున్నారు. "తమ్ముడికి చెప్పకు. చెప్తే నా ముఖం చూసినప్పుడల్లా తప్పు చేసినవాడిలా తలొంచుకుంటాడు. నాకు తమ్ముడు కావాలి" అన్నారు. చెప్పలేదు. ఇప్పటికీ ఆయనకి తెలియదు. వయసు, వంశం, నాయనమ్మ అని మీరు రాస్తే ఆయన చదువుతాడు, నేను వింటాను. వింటూ తల ఊపుతాను. ఇరవై ఏళ్లు ఊపాను.

క్యాంపులో సింధూరి పుట్టింది. మంత్రసాని దాన్ని మీ చేతుల్లో పెట్టింది. మీరు దాని నోటి వైపే చూస్తూ నన్ను అడిగారు, "ఏడుస్తోందా రాజీ? గట్టిగా ఏడుస్తోందా?" అని. నేను తల ఊపాను. మీరు నవ్వారు. ఆ రోజే అనుకున్నాను, ఎప్పటికైనా ఈ మాట నా చేత్తో రాస్తానని. మీ బడి లేకపోతే రాయలేకపోయేదాన్ని. బడి మూస్తానన్నప్పుడు నాకు గుండె ఆగినంత పనైంది ఇందుకే.

నా బిడ్డ ఉంది. నేను ఉన్నాను. అది మీ వల్ల. మీరు లోకానికి వయసు అని చెప్పండి. నేను కూడా అదే చెప్తాను. ఈ కాగితం మీద మాత్రం చెప్పను. వదినా, మీకు వెయ్యి దండాలు.

వచ్చే ఆదివారం గురమ్మ ముఖం చూపిస్తుంది. పక్కన సింధూరి కూడా కూర్చుంటుంది. పాఠానికి ముందు మిమ్మల్ని "అత్తా" అని గట్టిగా పిలవమన్నాను. ఎందుకని అది అడిగింది. ఊరికే పిలవమన్నాను.

మీరు మాత్రం బిళ్లకి ఏమీ చుట్టకండి. వినండి.

మీ
రాజకుమారి

తప్పులు ఎర్ర సిరాతో దిద్ది పంపండి. దాచుకుంటాను.